ఐటిల్ సర్టిఫికేషన్ మెట్లు: నెల్లూరు, ఒంగోలు నుంచి చదివేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఐటీ సర్వీస్ మేనేజ్‌మెంట్‌లో సర్టిఫికెట్ అనగానే ముందుగా వినిపించే పేరు ఐటిల్, అంటే సంస్థల్లో ఐటీ సేవలను ఎలా నడపాలో చెప్పే పద్ధతుల సంపుటి. డిగ్రీ ముగించుకుని చెన్నైకో హైదరాబాదుకో సర్వీస్ డెస్క్ ఉద్యోగానికి బయల్దేరేవాళ్లు కొందరు. ఇప్పటికే నైట్ షిఫ్టుల్లో ఎల్1 సపోర్ట్ (యూజర్ల ఫిర్యాదులను మొదట అందుకునే స్థాయి) చేస్తూ ప్రమోషన్ కోసం చూస్తున్నవాళ్లు కొందరు. ఊళ్లోనే ఆసుపత్రికో రైస్ మిల్లుకో గ్రానైట్ యార్డుకో కంప్యూటర్లు చూసుకునేవాళ్లు ఇంకొందరు. వీళ్లందరికీ కావలసిన స్థాయి ఒకటి కాదు. చేస్తున్న పనికి రెండు మెట్లు పైనున్న కోర్సు కొనడం వల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. చేతిలో పని లేకుండా పై స్థాయి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు ఇంటర్వ్యూలో మూడో ప్రశ్నకే ఆగిపోతారు. అందుకే ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాత చదువు సంగతి చూద్దాం. ఇక్కడి వివరాలన్నీ ఐటిల్ 4కు సంబంధించినవి.

మెట్లన్నీ ఒకసారి

ఐటిల్ 1980ల చివర్లో బ్రిటన్ ప్రభుత్వంలోని సీసీటీఏ అనే విభాగంలో మొదలైంది. 2007లో మూడో వెర్షన్, 2011లో దాని సవరణ, 2019 ఫిబ్రవరిలో ఐటిల్ 4 వచ్చాయి. 2013 నుంచి హక్కులు చూసిన ఆక్సెలోస్‌ను 2021లో పీపుల్‌సర్ట్ కొన్నది. ఇప్పుడు పరీక్ష పెట్టేదీ, సర్టిఫికెట్ ఇచ్చేదీ పీపుల్‌సర్టే. ఈ సంవత్సరాలు పరీక్షలో రావు కానీ పాత నోట్సును గుర్తుపట్టడానికి అక్కరకొస్తాయి. మీకు దొరికిన పీడీఎఫ్‌లో సర్వీస్ స్ట్రాటజీ, సర్వీస్ డిజైన్, సర్వీస్ ట్రాన్సిషన్, సర్వీస్ ఆపరేషన్, కంటిన్యువల్ సర్వీస్ ఇంప్రూవ్‌మెంట్ అంటూ ఐదు లైఫ్‌సైకిల్ దశలుంటే అది మూడో వెర్షన్‌ది. దాన్ని పక్కన పెట్టేయండి. ఐటిల్ 4లో ఆ దశలు లేవు. వాటి స్థానంలో సర్వీస్ వాల్యూ సిస్టమ్, 34 ప్రాక్టీసులు వచ్చాయి. ప్రాక్టీసు అంటే ఒక రకం పనిని నడిపే పద్ధతి, దానికి కావలసిన వనరులు.

అన్నిటికీ పునాది ఫౌండేషన్. అది లేకుండా పైవేవీ రాయనివ్వరు. దాని పైన దారి మూడుగా చీలుతుంది.

మొదటిది మేనేజింగ్ ప్రొఫెషనల్. ఇందులో నాలుగు మాడ్యూళ్లు. సేవలను తయారుచేసి నడిపే జట్ల పని గురించి చెప్పేది క్రియేట్ డెలివర్ అండ్ సపోర్ట్, పొట్టిగా సీడీఎస్. కస్టమర్లతో, సప్లయర్లతో నడిచే వ్యవహారమంతా డ్రైవ్ స్టేక్‌హోల్డర్ వాల్యూలో ఉంటుంది. డెవాప్స్ (సాఫ్ట్‌వేర్ తయారీ, నిర్వహణ జట్లు కలిసి పనిచేసే పద్ధతి), క్లౌడ్ వాతావరణంలో పనిచేసేవాళ్లకు హై వెలాసిటీ ఐటీ. పాలన, కొలతలు, మెరుగుదల డైరెక్ట్ ప్లాన్ అండ్ ఇంప్రూవ్‌లో, అంటే డీపీఐలో వస్తాయి. ఒక్కో పరీక్షలో 40 ప్రశ్నలు, 90 నిమిషాలు, పాస్‌కు 28 మార్కులు. అధీకృత సంస్థ దగ్గర శిక్షణ తీసుకున్న తర్వాతే వీటిని రాయాలి.

రెండోది స్ట్రాటజిక్ లీడర్. డీపీఐతో పాటు డిజిటల్ అండ్ ఐటీ స్ట్రాటజీ మాడ్యూల్ కావాలి. ఇది మేనేజర్ స్థాయిలో ఉన్నవాళ్ల కోసం. పరీక్షతో పాటు కేస్ స్టడీ అసైన్‌మెంట్లు కూడా ఉంటాయి.

మూడోది ప్రాక్టీస్ మేనేజర్, 2023లో చేర్చినది. ఇన్సిడెంట్, ప్రాబ్లమ్, చేంజ్ వంటి ఒక్కో ప్రాక్టీసుకూ విడి పరీక్ష ఉంటుంది: 20 ప్రశ్నలు, 30 నిమిషాలు, 13 వస్తే పాస్. ఇలా ఐదు ప్రాక్టీసులు, వాటికి తోడు సీడీఎస్ పూర్తయితే ఈ హోదా ఇస్తారు. ఐదు ప్రాక్టీసులను ఒకే పరీక్షగా రాసే కట్టలు కూడా మూడున్నాయి. మానిటర్ సపోర్ట్ అండ్ ఫుల్‌ఫిల్ అనే కట్టలో ఇన్సిడెంట్, ప్రాబ్లమ్, సర్వీస్ డెస్క్, సర్వీస్ రిక్వెస్ట్, మానిటరింగ్ అండ్ ఈవెంట్ ప్రాక్టీసులు ఉంటాయి. ప్లాన్ ఇంప్లిమెంట్ అండ్ కంట్రోల్ కట్ట చేంజ్, రిలీజ్, డిప్లాయ్‌మెంట్, కాన్ఫిగరేషన్, అసెట్ పనులు చేసేవాళ్లకు. కొలాబరేట్ అష్యూర్ అండ్ ఇంప్రూవ్ అనేది సప్లయర్లు, ఎస్‌ఎల్‌ఏలు (సేవ ఏ స్థాయిలో ఉండాలో చెప్పే ఒప్పందాలు), సెక్యూరిటీ వైపు ఉన్నవాళ్లకు. కట్ట పరీక్షలో 60 ప్రశ్నలు, 90 నిమిషాలు, పాస్ 39.

మూడు హోదాలూ ఉన్నవాళ్లకు మాస్టర్ హోదా వస్తుంది. ఉద్యోగం వెతుక్కునే దశలో దాని గురించి ఆలోచించాల్సిన పని లేదు.

ఇక్కడ చాలామంది గమనించని లెక్క ఒకటుంది. సీడీఎస్ అటు మేనేజింగ్ ప్రొఫెషనల్‌కూ ఇటు ప్రాక్టీస్ మేనేజర్‌కూ పనికొస్తుంది. డీపీఐ అటు మేనేజింగ్ ప్రొఫెషనల్‌కూ ఇటు స్ట్రాటజిక్ లీడర్‌కూ పనికొస్తుంది. ఫౌండేషన్ తర్వాత మేనేజింగ్ ప్రొఫెషనల్ కావాలంటే నాలుగు పరీక్షలు రాయాలి. అదే ప్రాక్టీస్ మేనేజర్ అయితే ఒక కట్ట, ఒక సీడీఎస్, రెండే పరీక్షలు. సపోర్ట్ పనిలో ఉన్నవాళ్లకు మా సలహా ఈ రెండో దారి. రోజూ చేసే పని మీదే ప్రశ్నలు వస్తాయి, ఖర్చు తగ్గుతుంది, రేపు మేనేజింగ్ ప్రొఫెషనల్ వైపు తిరగాలనుకున్నా సీడీఎస్ వృథా పోదు.

మీరు ఏ మెట్టు మీద ఉన్నారు?

అనుభవం లేని గ్రాడ్యుయేట్‌కు ఫౌండేషన్ ఒక్కటి చాలు. మిగిలిన డబ్బు, సమయం టూల్ నేర్చుకోవడం మీద పెట్టండి. బీటెక్కే కానక్కర్లేదు, బీకాం, బీఎస్సీ చదివినవాళ్లూ రాయొచ్చు. పరీక్షకు విద్యార్హత షరతు లేదు, ప్రోగ్రామింగ్ అవసరం అంతకన్నా లేదు.

కనీసం ఏడాది పాటు టికెట్లు (నమోదైన ఫిర్యాదులు, అభ్యర్థనలు) చూసిన సర్వీస్ డెస్క్ ఉద్యోగికి తన పనికి దగ్గరగా ఉన్న ప్రాక్టీస్ పరీక్షో, కట్టో సరిపోతుంది. ఎల్1 దాటిన చిక్కులు చూసే ఎల్2లో ఉండి ఇన్సిడెంట్ మేనేజర్, చేంజ్ కోఆర్డినేటర్ పోస్టుల వైపు చూస్తుంటే సీడీఎస్ తీసుకోండి. క్లయింట్‌తో నేరుగా మాట్లాడే సర్వీస్ డెలివరీ మేనేజర్ కావాలంటే డ్రైవ్ స్టేక్‌హోల్డర్ వాల్యూ, డీపీఐ. సొంత ఊళ్లో చిన్న సంస్థకు ఐటీ చూసుకునేవాళ్లు ఫౌండేషన్ పుస్తకం చదివి పనిలో పెడితే చాలు, ఉద్యోగం మారే ఆలోచన లేకపోతే పరీక్ష ఫీజు కూడా అవసరం లేదు. వీళ్లకు ఫిట్‌ఎస్‌ఎం మరీ మంచిది. యూరప్‌లో తయారైన ఈ చిన్న ప్రమాణం పత్రాలన్నీ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఐఎస్‌ఓ 20000 పేరు కూడా వింటుంటారు. అది సంస్థకు ఇచ్చే గుర్తింపు. సంస్థలను ఆడిట్ చేసే పనిలోకి వెళ్లేవాళ్లకు తప్ప తొలి సర్టిఫికెట్‌గా పనికిరాదు.

మొదటి అడుగు: పేరు సరిచేసుకోవడం

చదువు కంటే ముందు చేయాల్సింది ఇదే. పీపుల్‌సర్ట్ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన పేరే సర్టిఫికెట్ మీదకు వస్తుంది. పరీక్ష రోజున కెమెరాకు చూపించే ప్రభుత్వ గుర్తింపు కార్డులోనూ అదే పేరుండాలి. మనవాళ్లకు ఇక్కడే చిక్కు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు మొత్తం ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో చివరికి వెళ్తుంది. మీరు ఏ కార్డు చూపించబోతున్నారో ముందే నిర్ణయించుకుని, అందులో ఉన్నది ఉన్నట్టుగా, అదే వరుసలో ఖాతాలో రాయండి. పాస్‌పోర్టు ఉంటే అదే వాడండి, ఇంటిపేరు, సొంత పేరు విడివిడిగా ఉంటాయి కాబట్టి గొడవ ఉండదు. వోచర్ (పరీక్ష రాయడానికి ముందే కొనే కోడ్) కొన్నాక, పరీక్షకు ముందు పేరు తేడా కనిపిస్తే వెంటనే సపోర్ట్‌కు రాయండి. పరీక్ష ఉదయం ప్రాక్టర్‌తో, అంటే కెమెరాలో మిమ్మల్ని గమనించే పర్యవేక్షకుడితో వాదించి లాభం లేదు.

రెండో అడుగు: వోచర్ కొనేటప్పుడు అడగాల్సినవి

ఫౌండేషన్‌కు శిక్షణ తప్పనిసరి కాదు, సొంతంగా చదువుకుని రాయొచ్చు. కోచింగ్ సంస్థ ఒక మొత్తం చెప్పినప్పుడు అందులో ఏమేం ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి: పరీక్ష వోచర్, అధికారిక ఈబుక్, జీఎస్టీ, శాంపిల్ పేపర్లు, తప్పితే మళ్లీ రాసే టేక్2 సదుపాయం, తరగతులు. పీపుల్‌సర్ట్ అధికారిక వోచర్‌తో ఈబుక్ కలిసే వస్తుంది. దానికి విడిగా డబ్బు అడిగితే ఎందుకని నిలదీయండి. వోచర్ గడువు తేదీ, అది ఏ వెర్షన్‌కు చెందినదో కూడా చూడండి. వోచర్, పుస్తకం, శాంపిల్ పేపర్లు మూడూ ఒకే వెర్షన్‌వి కాకపోతే చదివింది ఒకటి, అడిగింది ఇంకొకటి అవుతుంది.

టేక్2 తీసుకోవాలా? ఇంగ్లిష్‌లో గంటసేపు ఆగకుండా చదివే అలవాటు లేనివాళ్లు తీసుకోవడం మంచిది. అది పరీక్షకు ముందే కొనాలి, తప్పిన తర్వాత ఇవ్వరు.

పరీక్ష మీ బదులు వేరేవాళ్లు రాసిపెడతారనీ, పాస్ గ్యారంటీ అనీ చెప్పేవాళ్ల దగ్గరికి అసలు పోవద్దు. పరీక్ష మొత్తం వీడియోలో రికార్డవుతుంది, తర్వాత కూడా సర్టిఫికెట్ రద్దు చేయగలరు. నియామక సంస్థలు సర్టిఫికెట్ నంబరును ఆన్‌లైన్‌లో సరిచూస్తాయి. దొరికితే ఆ ఉద్యోగంతో పాటు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీ పేరు కూడా పోతుంది.

మూడో అడుగు: ఫౌండేషన్ చదువు

పరీక్షలో 40 ప్రశ్నలు, 60 నిమిషాలు, పాస్‌కు 26. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. పుస్తకం చూడనివ్వరు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు 25 శాతం అదనపు సమయం ఉంది, అంటే 75 నిమిషాలు. బుక్ చేసేటప్పుడే ఆ అదనపు సమయం నమోదైందో లేదో చూసుకోండి. తెలుగువాళ్లు ఈ హక్కును వాడుకోకుండా వదిలేయడం చాలా పొరపాటు.

40 ప్రశ్నల్లో 17 ఏడు ప్రాక్టీసుల నుంచే వస్తాయి: కంటిన్యువల్ ఇంప్రూవ్‌మెంట్, చేంజ్ ఎనేబుల్‌మెంట్, ఇన్సిడెంట్, ప్రాబ్లమ్, సర్వీస్ రిక్వెస్ట్, సర్వీస్ డెస్క్, సర్వీస్ లెవెల్. ఇంకో ఎనిమిది ప్రాక్టీసులకు మాత్రం ప్రయోజనం ఏమిటో గుర్తుంటే చాలు. ఏడు గైడింగ్ ప్రిన్సిపుల్స్ (మార్గదర్శక సూత్రాలు) నుంచి ఆరు ప్రశ్నలు. కాబట్టి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకే వేగంతో చదవడం సరైన పద్ధతి కాదు. 34 ప్రాక్టీసులూ బట్టీ పట్టాల్సిన అవసరం అంతకన్నా లేదు.

రోజుకు గంటన్నర చొప్పున నాలుగు వారాలు పెట్టుకోండి. మొదటి వారం ప్రాథమిక భావనలు, నాలుగు డైమెన్షన్లు, వాల్యూ చెయిన్‌లోని ఆరు కార్యకలాపాలు. రెండో వారం గైడింగ్ ప్రిన్సిపుల్స్, మిగిలిన ఎనిమిది ప్రాక్టీసుల ప్రయోజనాలు. మూడో వారమంతా ఆ ఏడు ప్రాక్టీసులకే. నాలుగో వారం శాంపిల్ పేపర్లు. నైట్ షిఫ్టులో ఉన్నవాళ్లు డ్యూటీ నుంచి వచ్చాక చదవకండి, నిద్ర లేచాక చదవండి. వారాలు ఆరైనా ఫర్వాలేదు.

నిర్వచనాలు కంఠస్థం చేసినా పరీక్షలో తప్పులు జరిగేది అవి పనిలో ఎలా ఉంటాయో కళ్ల ముందు కట్టనప్పుడే. అందుకే ఒకే ఉదాహరణను మొత్తం సిలబస్ మీద నడపండి. చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ యార్డు వేబ్రిడ్జి అనుకుందాం. లారీ ఎక్కగానే బరువు ఇండికేటర్ నుంచి కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు వస్తుంది, సాఫ్ట్‌వేర్ స్లిప్ ముద్రిస్తుంది.

ఒక మధ్యాహ్నం తెర మీద బరువు కనిపించడం మానేసింది. లారీలు నిలిచిపోయాయి. అనుకోకుండా సేవ ఆగింది కాబట్టి ఇది ఇన్సిడెంట్. స్లిప్ ముద్రణ ఆగకుండా చాలా నెమ్మదించినా ఇన్సిడెంటే, ఎందుకంటే నాణ్యత తగ్గడం కూడా నిర్వచనంలో ఉంది. ఇండికేటర్ మీద అంకె చూసి చేత్తో నమోదుచేసి, సూపర్‌వైజర్ సంతకంతో లారీని పంపడం వర్క్‌అరౌండ్. సాఫ్ట్‌వేర్ మూసి తెరిస్తే బరువు వచ్చింది, ఇన్సిడెంట్ ముగిసింది. ఇన్సిడెంట్ మేనేజ్‌మెంట్‌కు కావలసింది సేవ త్వరగా తిరిగి రావడమే. కారణం వెతకడం దాని పని కాదు.

అదే లోపం కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వస్తోంది. ఆ వెనకున్న కారణమే ప్రాబ్లమ్. వెతికితే తేలిందేమిటంటే, కేబుల్‌కు తగిలించిన యూఎస్‌బీ కన్వర్టర్ కరెంటు వచ్చాక వేరే పోర్టు నంబరుతో కనెక్ట్ అవుతోంది, సాఫ్ట్‌వేర్ పాత నంబరు దగ్గరే ఎదురుచూస్తోంది. కారణం తెలిసింది, ఇంకా సరిచేయలేదు. ఈ దశలో దాని పేరు నోన్ ఎర్రర్. కన్వర్టర్ మార్చి, పోర్టు నంబరు స్థిరంగా పెట్టడం చేంజ్. దానికి అనుమతి ఎవరు ఇవ్వాలి, ఏ సమయంలో చేయాలి, చెడితే వెనక్కి ఎలా వెళ్లాలి అన్నవి చేంజ్ ఎనేబుల్‌మెంట్ చూసుకుంటుంది. లారీలు లేని వేళ ముందే అనుకుని చేస్తే నార్మల్ చేంజ్. యార్డు పూర్తిగా ఆగి ఉంటే వెంటనే చేసేది ఎమర్జెన్సీ చేంజ్. రాతపూర్వక పద్ధతి ప్రకారం ఎప్పుడూ ఒకేలా చేసే, ముందే ఆమోదం పొందిన తక్కువ ప్రమాదపు మార్పు స్టాండర్డ్ చేంజ్.

కొత్తగా చేరిన గుమాస్తాకు లాగిన్ ఇవ్వడం సర్వీస్ రిక్వెస్ట్. యూపీఎస్ బ్యాటరీ 20 శాతానికి పడిందని వచ్చిన హెచ్చరిక ఈవెంట్, ఇంకా ఏదీ ఆగలేదు కాబట్టి ఇన్సిడెంట్ కాదు. సాఫ్ట్‌వేర్ సరైన బరువుతో స్లిప్ ఇస్తుందా అన్నది యుటిలిటీ. రాత్రి రెండింటికి లారీ వచ్చినా పనిచేస్తుందా, డేటా భద్రంగా ఉందా అన్నది వారంటీ. స్లిప్ అవుట్‌పుట్. సరైన బరువుతో లారీ సమయానికి కదలడం అవుట్‌కమ్. గుమాస్తా యూజర్. సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో చెప్పి దాని ఫలితానికి బాధ్యత వహించే మేనేజర్ కస్టమర్. బడ్జెట్‌కు ఒప్పుకునే యజమాని స్పాన్సర్. చిన్న యార్డులో ముగ్గురూ ఒకరే కావొచ్చు, పుస్తకం కూడా అదే మాట చెబుతుంది.

సర్వీస్ లెవెల్ దగ్గర ఒక లెక్క వేసుకోండి. నెలకు 99 శాతం పనిచేయాలని ఒప్పందం ఉందనుకుందాం. 30 రోజులకు 720 గంటలు, అందులో ఒక శాతం అంటే 7 గంటల 12 నిమిషాలు ఆగినా ఒప్పందం తప్పినట్టు కాదు. ఆ ఏడు గంటలూ లోడింగ్ రద్దీలోనే వస్తే నివేదిక పచ్చగా ఉంటుంది, యజమాని మాత్రం మండిపడతాడు. పైకి పచ్చ, లోపల ఎరుపు అన్న అర్థంలో ఈ రంగంలో దీన్ని పుచ్చకాయ ఎస్‌ఎల్‌ఏ అంటారు. శాతం ఒక్కటే కొలవకుండా, యూజర్‌కు ఏ వేళ ఏది ముఖ్యమో కూడా కొలవాలన్నది ఇందులోంచి వచ్చే జవాబు. పరీక్షలోనూ ఈ ధోరణిలోనే అడుగుతారు.

ఎక్కువమంది కలగలిపేసేవి ఇంకో రెండు. కొత్త వెర్షన్‌ను వాడకానికి అందుబాటులోకి తేవడం రిలీజ్, దాన్ని అసలు సిస్టమ్‌లోకి చేర్చడం డిప్లాయ్‌మెంట్. కారణం విశ్లేషించడం, వర్క్‌అరౌండ్ రాసిపెట్టడం ప్రాబ్లమ్ కంట్రోల్, తెలిసిన లోపాలను శాశ్వతంగా తీర్చే మార్గాలు చూడటం ఎర్రర్ కంట్రోల్.

ప్రశ్నలు నాలుగు రకాలుగా వస్తాయి: మామూలు ప్రశ్న, ఖాళీ పూరించేది, నాలుగు వాక్యాల్లో ఏ రెండు సరైనవో చెప్పేది, ఏది కాదో అడిగేది. రెండు వాక్యాల ప్రశ్నలో ఖాయంగా తప్పని తెలిసిన వాక్యాన్ని ముందు పట్టుకోండి. అది ఉన్న ఆప్షన్లన్నీ ఒక్కసారిగా ఎగిరిపోతాయి. నాట్ అని పెద్దక్షరాల్లో ఉన్న ప్రశ్నకు తొందరలో సరైన వాక్యాన్నే ఎంచుకుని పోగొట్టుకుంటారు. జవాబులో ఎప్పుడూ, తప్పనిసరిగా, అన్నీ అనే అర్థమిచ్చే మాటలుంటే అనుమానించండి. ఐటిల్ 4 దేన్నీ అంత గట్టిగా చెప్పదు.

శాంపిల్ పేపర్లలో వరుసగా రెండుసార్లు 34 మార్కులు దాటాకే తేదీ ఖాయం చేసుకోండి. 28 దగ్గర తిరుగుతున్నవాళ్లు అసలు పరీక్షలో కంగారుకు రెండు మూడు పోగొట్టుకుని గీత కిందకు జారిపోతారు. తప్పైన ప్రతి ప్రశ్నకూ మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో కూడా ఒక్కో వాక్యం రాయండి. అసలు పరీక్షలో వచ్చినవంటూ డంపుల పేరుతో తిరిగే ప్రశ్నలను నమ్మొద్దు. వాటిలో మూడో వెర్షన్ ప్రశ్నలూ, తప్పు కీలూ కలిసిపోయి ఉంటాయి.

నాలుగో అడుగు: టూల్ మీద చేయి తిప్పడం

ఫౌండేషన్ ఉన్న ఇద్దరు అభ్యర్థుల్లో ఉద్యోగం వచ్చేది టికెట్ టూల్ తెరిచి చూపించగలిగినవాళ్లకే. దీనికి ఖర్చు లేదు. సర్వీస్‌నౌ డెవలపర్ సైట్‌లో పర్సనల్ డెవలపర్ ఇన్‌స్టాన్స్ ఉచితం. కొన్ని రోజులు వాడకపోతే దాన్ని వెనక్కి తీసుకుంటారు, అందులో చేసిన పని పోతుంది, కాబట్టి స్క్రీన్‌షాట్లు ఎప్పటికప్పుడు దాచుకోండి. జిరా సర్వీస్ మేనేజ్‌మెంట్ ముగ్గురు ఏజెంట్ల దాకా ఉచితం. జీఎల్‌పీఐ ఓపెన్ సోర్స్ కాబట్టి సొంత ల్యాప్‌టాప్‌లోనే పెట్టుకోవచ్చు.

వేబ్రిడ్జి ఉదాహరణనే తీసుకుని ఇవి చేయండి. ముందు పది ఇన్సిడెంట్లు నమోదు చేయండి. ఒక్కోదానికి ఇంపాక్ట్, అర్జెన్సీ మార్చి ప్రయారిటీ ఎలా మారుతోందో చూడండి. సర్వీస్‌నౌలో రెండూ హై అయితే పీ1, రెండూ లో అయితే పీ5 వస్తుంది. తర్వాత ఒకే రకం ఇన్సిడెంట్లు నాలుగింటిని ఒక ప్రాబ్లమ్ రికార్డుకు కలపండి. వర్క్‌అరౌండ్‌ను నాలెడ్జ్ ఆర్టికల్‌గా రాయండి, మీ ఇంట్లో కంప్యూటర్ తెలియనివాళ్లు చదివి చేయగలిగేలా ఉండాలి. ఆ ప్రాబ్లమ్ నుంచి చేంజ్ రికార్డు తెరిచి, బ్యాక్‌అవుట్ ప్లాన్ (చెడితే వెనక్కి వెళ్లే పద్ధతి) నింపండి. పీ1కు నాలుగు గంటల ఎస్‌ఎల్‌ఏ పెట్టి, అది దాటితే ఏమవుతుందో చూడండి. ఇంటర్వ్యూలో ఇన్సిడెంట్‌కూ ప్రాబ్లమ్‌కూ తేడా అడిగితే నిర్వచనం అప్పజెప్పకుండా ఈ రికార్డులు వివరించండి.

ఐదో అడుగు: ఇంట్లో పరీక్ష రాయడం

ఆన్‌లైన్ ప్రాక్టర్ ఉన్నందున చెన్నై వెళ్లక్కర్లేదు. కావలిలో, పొదిలిలో, గిద్దలూరులో ఇంటి గదిలోనే రాయొచ్చు. అయితే ఇంటి పరీక్షలు చదువు లేక కాకుండా, కరెంటు, ఇంటర్నెట్, ల్యాప్‌టాప్ వల్ల చెడటం ఎక్కువ.

ల్యాప్‌టాప్ సొంతదై ఉండాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్, ఫైర్‌వాల్, అడ్మిన్ అనుమతి లేకపోవడం వల్ల పరీక్ష సాఫ్ట్‌వేర్ ఎగ్జామ్‌షీల్డ్ ఆగిపోతుంది. వారం ముందే ఇన్‌స్టాల్ చేసి, సిస్టమ్ తనిఖీ నడపండి. అదే గదిలో, అదే ఇంటర్నెట్‌తో, అదే గంటకు నడపాలి. రాత్రి పదింటికి బాగున్న వైఫై సాయంత్రం ఏడింటికి బాగుండాలని లేదు. వీలైతే రూటర్ నుంచి కేబుల్ లాగండి. పక్కన చార్జింగ్ నిండిన ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోవచ్చు కానీ ఫోన్ చేతికి అందేలా ఉండకూడదు. అది ఎక్కడుండాలో ప్రాక్టర్‌ను మొదట్లోనే అడగండి.

కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, రూటర్ నడవదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా మారే క్షణంలో రూటర్ రీస్టార్ట్ అయి రెండు మూడు నిమిషాలు నెట్ పోతుంది. రూటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టండి. ఎండాకాలం మధ్యాహ్నాలు వద్దు, ఉదయం తొందరగా ఉండే స్లాట్ తీసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపాన్లు తగిలే కాలం. వాయుగుండం హెచ్చరిక కనిపిస్తే తేదీ మార్పుకు ఉన్న గడువు దాటకముందే మార్చుకోండి.

గదిలో మీరు ఒక్కరే ఉండాలి. తలుపు గడియ పెట్టండి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. బల్ల మీద కాగితం, పెన్ను, పుస్తకం ఉండకూడదు. రెండో మానిటర్ తీసేయండి. కెమెరాతో గదంతా చూపించమంటారు. ప్రశ్నను పెదవులు కదుపుతూ చదివే అలవాటుంటే ఇప్పుడే మానండి, ఎవరితోనో మాట్లాడుతున్నారని ప్రాక్టర్ హెచ్చరిస్తారు. తెర వదిలి పక్కకు చూస్తూ ఆలోచించడం కూడా అంతే. శాంపిల్ పేపర్లను ఈ షరతులతోనే రాసి అలవాటు చేసుకోండి.

75 నిమిషాల్లో మొదటి 50లో 40 ప్రశ్నలూ ఒక చుట్టు పూర్తిచేయండి. అనుమానం ఉన్నవి గుర్తు పెట్టి వదలండి. మిగిలిన 25 నిమిషాలు వాటికీ, నాట్ ప్రశ్నలను ఇంకోసారి చదవడానికీ. మధ్యలో నెట్ తెగితే కంగారుపడి సాఫ్ట్‌వేర్ తీసేయకండి. మళ్లీ కలవడానికి ప్రయత్నించి, కుదరకపోతే సమయంతో సహా స్క్రీన్‌షాట్ తీసి సపోర్ట్‌కు రాయండి.

ఆరో అడుగు: పాసయ్యాక

డిజిటల్ బ్యాడ్జ్ లింకు, సర్టిఫికెట్ నంబరు రెజ్యూమెలో పెట్టండి. ఫౌండేషన్ మాత్రమే ఉన్నప్పుడు ఐటిల్ ఎక్స్‌పర్ట్ అని రాయకండి. అది మూడో వెర్షన్‌లో వేరే హోదా, తెలిసినవాళ్లు చూస్తే మీ మీద నమ్మకం అక్కడే పోతుంది. ఐటిల్ 4 ఫౌండేషన్ అని, తేదీతో రాస్తే చాలు.

వెంటనే తర్వాతి కోర్సు కొనకండి. కనీసం ఏడాది పనిచేసి, మీ టీమ్‌లో ఏ ప్రాక్టీసు మీద ఎక్కువ టికెట్లు చూస్తున్నారో గమనించాక ఎంచుకోండి. చాలా కంపెనీలు పాసైతే ఫీజు తిరిగిస్తాయి. మీ హెచ్‌ఆర్‌ను ముందు అడిగి, ఆమోదం ఈమెయిల్‌లో తీసుకున్నాకే డబ్బు కట్టండి. పై స్థాయి ప్రశ్నల్లో ఒక సందర్భం ఇచ్చి ఏం చేస్తారని అడుగుతారు. పని అనుభవం లేకుండా పుస్తకంతో వాటిని దాటడం కష్టం.

2023 నుంచి సర్టిఫికెట్లకు మూడేళ్ల గడువు వచ్చింది. పొడిగించడానికి మూడు దారులున్నాయి: అదే పరీక్ష మళ్లీ రాయడం, ఐటిల్‌లోనే ఇంకో పరీక్ష పాసవడం, లేదా సభ్యత్వం తీసుకుని ఏటా 20 చొప్పున సీపీడీ పాయింట్లు (వృత్తిలో నేర్చుకుంటూ ఉన్నందుకు లెక్కించేవి) నమోదు చేయడం. ఎలాగూ పైకి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లకు రెండో దారే మేలు, ఒకే ఫీజుతో కొత్త సర్టిఫికెట్ వస్తుంది, పాతది నిలుస్తుంది. తర్వాతి పరీక్షను గడువుకు ఆరు నెలల ముందుకు పెట్టుకోండి, ఒకసారి తప్పినా మళ్లీ రాసే వ్యవధి ఉంటుంది. పాయింట్ల దారి ఎంచుకుంటే చదివినదీ, హాజరైనదీ, పనిలో చేసినదీ ఏ నెలకు ఆ నెల నమోదు చేయండి, మూడో ఏట చివర్లో వెతికితే ఆధారాలు దొరకవు.